ముండ్లకంప కట్టిన బిర్జి

గోదావరిఖనిలో ఆ ఎండాకాలం గేటు దగ్గర నిలబడి రైలును తిట్టని మనిషి లేడు. బొగ్గు డబ్బాల పట్టాలు మా కాలనీని బజారు నుంచి కోసినట్టు నడుమ నుంచి పోతాయి. ఇవతల మా క్వార్టర్లు. అవతల కూరగాయల అంగడి, బడి, దవాఖాన, బస్సులు, గోదారి తొవ్వ. మనిషికి కావలసినవన్నీ అవతలే. ఇంజను బొగ్గు నింపిన డబ్బాలను కాసేపు ముందుకు గుంజుతుంది, కాసేపు వెనక్కి నెడుతుంది, గేటుకు అడ్డంగా విడిచిపెట్టి నీళ్ల కోసం రామగుండం పోతుంది. అది తిరిగి వచ్చేదాకా గేటు పడే ఉంటుంది. పాలవాళ్లు, సైకిళ్లవాళ్లు, షిఫ్టు దిగి మొహాలు నల్లగా ఉన్నవాళ్లు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, అందరూ అక్కడే నిలబడాలి. గేటుమనిషిని తిడితే, "నన్నేం జెయ్యమంటరు? డబ్బాలు నేను గుంజుతున్ననా?" అని బీడీ ముట్టించేవాడు.

అందుకే బిర్జి కట్టారు. ఏళ్లకేళ్లు మొత్తుకుంటే కట్టారు. సిమెంటు మెట్లు, పట్టాల పైనుంచి బాట, రెండు పక్కలా పచ్చరంగు వేసిన ఇనుప కమ్మీలు. శివరాత్రికల్లా పని అయిపోయింది. ఉగాదికి రంగు కూడా ఆరింది. కానీ కాంట్రాక్టరు రెండు కొసలకూ ముండ్లకంప కట్టి కాపలా పెట్టాడు. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించాలట. ఆయనకు ఎప్పుడు తీరితే అప్పుడట. అప్పటిదాకా పైన బిర్జి ఎండకు ఎండుతూ ఉంటే, కింద మేము డబ్బాల కింది నుంచి పాకుతూ ఉన్నాం.

నాకు ఆ బిర్జితో అందరికన్నా ఎక్కువ పని పడింది. నా పెనిమిటి పచ్చకామెర్లతో పోయిన తర్వాత, బొగ్గుబాయిలో ఆయన చేసిన నౌకరి బదులు నాకు దవాఖానలో ఆయా పని ఇచ్చారు. పక్కా కాదు. పెద్ద సిస్టరమ్మ గుంటూరు దిక్కు మనిషి. మొదటిరోజే చెప్పింది.

"మల్లక్కా, వానలు పడేదాకా చూస్తాను. ఏడింటి సైరను మోగేసరికి వార్డులో ఉండాలి. ఉంటే నీ పేరు పర్మినెంటుకు రాస్తాను. లేకపోతే మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇమ్మని రాస్తాను. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవొద్దు."

మా ఇంట్లో ఇంకొకరు ఉన్నారు. మా మరిది ముత్యం.

ముత్యం చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు అంత కష్టం ఉండేది కాదు. నా బిడ్డకు అప్పటికి ఇంకా సరిగా మాటలు రావు. దాన్ని భుజాల మీద ఎక్కించుకుని క్వార్టర్ల లైనంతా తిప్పేవాడు. పని దొరికిన రోజు కూలికి పోయేవాడు, దొరకని రోజు పేక పత్తాలు ఆడేవాడు. నేను డ్యూటీకి పోతే బిడ్డను చూసుకునేది మా అత్త కనకవ్వ. చూసుకుంటూనే రోజుకు ఒక్కసారన్నా అనేది.

"నౌకరి వానికిడువవే. మొగపోరడు, డబ్బాల కిందికెళ్లి ఎలుకలెక్క దుంకిపోతడు. నువ్వు కొంగు దోపుకుంట ఎన్నొద్దులు పాకుతవ్?"

"బిర్జి తెరుస్తరు గద అత్తా."

"తెరుస్తరు, తెరుస్తరు. నా కొడుకు సుత పెండ్లినాడు గదే అన్నడు. బిర్జి కడ్తరటనే అవ్వా అని."

ముత్యం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ నవ్వాడు. "అవ్వా, నేను ఆయా పని జేస్తనా? బాలింతలకు నేను నీళ్లు కాగబెడితే వాళ్ల మొగండ్లు నన్ను బతుకనిస్తరా?"

"నీకు ఆయా పనెందుకిస్తర్రా పాగల్ పోరడా. బాయిల పనిస్తరు."

"బాయిలకు దిగుతె మళ్ల నువ్వే ఏడుస్తవ్."

"ఏడుస్త. నౌకరి లేకున్నా ఏడుస్తనే ఉన్న గద."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. వాడికి ఈడు వచ్చింది. నౌకరి లేనివాడికి పిల్లను ఎవరిస్తారు? నా చేతిలోది తీసి వాడి చేతిలో పెడితే ఇల్లు నిలబడుతుందని ఆమె ఆలోచన. అప్పుడు నేనూ నా బిడ్డా రేపు వాడి పెండ్లాం పెట్టే కూటి కోసం ఎదురుచూడాలి. ఆమెకు అది కనబడదు. నాకు అదొక్కటే కనబడేది.

బిర్జికి మా దిక్కు కాపలా సదయ్య. మా తల్లిగారి ఊరివాడు, వరుసకు అన్న. మెట్ల కింద నీడ చూసుకుని చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఒకరోజు గేటు పడి ఉంటే వాడి దగ్గరికి పోయి నెమ్మదిగా అడిగాను.

"సదన్నా, జర కంప జరుపు. సైరను కొడ్తరు. ఒక్కదాన్ని పోత."

"నిన్ను పోనిస్తే నీ ఎన్క ఊరంత పోతది చెల్లె. కాంట్రాక్టరు నా తోలు తీస్తడు."

"గా మేకలు పోతలేవా?"

నిజంగానే రెండు మేకలు కంప సందులోంచి దూరి, మెట్లెక్కి, బిర్జి నడుమ నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి.

"మేకలకేమెర్క? మనిషి తొలి అడుగు ముఖ్యం." వాడు గొంతు తగ్గించాడు. "ఏమనుకోకు చెల్లె. ముత్తైదులు హారతిచ్చినంక పెద్దసారు కాలు పెడ్తడట. అయ్యగారు ముహూర్తం సుత చూసిండు. గసోంటిదాని మీద ముందుగాల నువ్వు... నీ అసోంటిది..."

"ముండమోపి అనరాదు? నోట్లె దాసుకునుడెందుకు?"

"నేనన్లేదు."

"మేకలకు పుస్తె ఉన్నదా? మట్టెలున్నయా?"

సదయ్య చుట్ట కొసను చూసుకున్నాడు. గేటు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు కూడా నేను డబ్బాల కింది నుంచే పోయాను.

డబ్బాల కింద పోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు సద్దిగిన్నెను అవతలికి తోయాలి. కొంగు నడుముకు చుట్టాలి. తర్వాత పట్టా మీద చేయి వేసి చూడాలి. పట్టా అదిరితే ఇంజను వస్తున్నట్టు. అదరకపోతే తల వంచి, ఊపిరి బిగబట్టి దూరాలి. మా కాలనీ ఆడవాళ్లకు ఇది వంట చేసినంత అలవాటు. తప్పు కూడా అక్కడే జరుగుతుంది. పట్టాను నమ్ముతాం.

రోహిణి ఎండలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున పట్టా అదరలేదు. ఇంజను అప్పటికే దూరంగా కొసన తగులుకుని ఊరకే నిలబడి ఉన్నట్టుంది. నేనూ సుసన్నా కింద ఉన్నాం. సుసన్నా నా తోటి ఆయా, మా వెనక లైనులో ఉండేది. డబ్బాల మధ్య గొలుసులు ఒకదాని వెంట ఒకటి టక్కుటక్కున గుంజుకుంటూ మా దిక్కు వచ్చాయి. సుసన్నా నా జబ్బ పట్టి అవతలికి గుంజింది. నేను బయటపడ్డాను. చుట్టు ఊడిన నా కొంగు బయటపడలేదు. చక్రం దాన్ని పట్టా మీద కొరికేసింది.

"యేసయ్యా, కాపాడినవ్ తండ్రీ, వీని ఇంజన్ల మన్నువడ," అని సుసన్నా ఒకే ఊపిరిలో ప్రార్థనా తిట్టూ ముగించింది.

ఇద్దరం నవ్వాం. తర్వాత నేను కంకర మీద కూర్చుండిపోయాను. దవాఖాన చేరేసరికి సైరను ఎప్పుడో కొట్టేశారు. సిస్టరమ్మ నా తెగిన కొంగు దిక్కు చూసింది.

"ఇంకోసారి అట్లా వస్తే నువ్వు డ్యూటీకి రావు, స్ట్రెచరు మీద వస్తావు. చంటిపిల్ల ఉందన్నావు కదా. నీ మరిదికి రాయమంటావా?"

"వద్దమ్మా. టైముకు వస్త."

"ఎట్లా వస్తావు?"

తెగిన కొంగును నడుముకు దోపుకుని వార్డులోకి పోయాను.

ఇంటికి పోయాక మా అత్త కొంగును చేతిలోకి తీసుకుని, తెగిన చోట వేలు పెట్టి చూసింది. బిడ్డను తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది.

"దీని తలకాయ మీద చెయ్యివెట్టు. డబ్బాల కిందికి పోనని చెప్పు."

"అత్తా, పోకపోతే ఎట్ల..."

"చెయ్యివెట్టవే."

పెట్టాను. పెడుతున్నప్పుడే తెలుసు, ఇక గేటు పడితే నిలబడి చూడటమేనని. అది నా మీద ప్రేమనో, నౌకరి వాడికి వచ్చేటట్టు వేసిన ఎత్తో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. ముత్యం మాత్రం గడప మీద కూర్చుని నేల చూస్తూ అన్నాడు.

"గట్ల కట్టెయ్యకే అవ్వా. నాకద్దు గా నౌకరి."

"నువ్వు నోరు ముయ్యి."

ఆ తర్వాత నేను తొలికోడి కూతకే లేచి గేటు దగ్గరికి పోయేదాన్ని. తీసి ఉంటే పోయేదాన్ని. పడి ఉంటే సద్దిగిన్నె చేత పట్టుకుని, నా పక్కనుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే వంగి దూరిపోతుంటే చూసేదాన్ని. సుసన్నా అవతలి నుంచి నా దిక్కు చూసి చేతులు తిప్పేది. పైన బిర్జి మీద పిచ్చుకలు. ఇంత మంచి బిర్జి. ఇన్ని మెట్లు. నాకు ఏడుపు వచ్చేది కాదు, పండ్లు నూరేదాన్ని. సిస్టరమ్మ చివరికి ఒక్క మాట అంది. "ఇంకొక్కరోజు ఆలస్యమైందా, రాసేస్తాను."

మిరుగు కార్తె వానలకు ఇంకా కొన్నిరోజులు ఉందనగా మా లైనులో లింగమూర్తి తాతకు వడదెబ్బ తగిలింది. బాయి పని మాని చాలాకాలమైన ముసలాయన. సాయంత్రం పాణం పోయింది. ఎండ ఎక్కకముందే తీసుకుపోవాలని తెల్లవారంగనే పాడె లేపారు. కొడుకు ఎల్లేశం అగ్గికుండ పట్టుకుని ముందు నడిచాడు. ముత్యం పాడె ముందు కొసకు భుజం పెట్టాడు. మా అత్త బిడ్డను సుసన్నా తల్లికి ఒప్పజెప్పి, ఆడవాళ్లతో గేటు దాకా సాగనంపడానికి వచ్చింది. నేను డ్యూటీ తెల్లచీర కట్టుకుని అందరికన్నా వెనక నడుస్తున్నాను.

గేటు పడి ఉంది. డబ్బాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నాయి. ఇంజను లేదు.

పాడె లేపిన తర్వాత దింపుడుకల్లం దాకా నేలకు దించకూడదు. అక్కడ దించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి పిలిచి, లేవకపోతే మళ్లీ ఎత్తాలి. మా దింపుడుకల్లం అవతల గోదారి తొవ్వలో ఉంది. పాడెను ఇంటి దిక్కు తిప్పనే కూడదు. ఇదివరకైతే గేటుమనిషి ఇంజను డ్రైవరును బతిమాలి డబ్బాలను విడదీయించేవాడు. ఆ రోజు బతిమాలడానికి ఇంజనే లేదు. బతికినవాళ్లం పాకుతాం గానీ పీనుగను ఎట్లా పాకిస్తాం?

మోసేవాళ్లు భుజాలు మార్చుకున్నారు. మళ్లీ మార్చుకున్నారు. డప్పులు ఆగిపోయాయి. ముత్యం చెమట కళ్లలోకి కారుతుంటే తల విదిలించి అరిచాడు.

"ఓ సదన్నా! కంప గుంజు."

"నాతోని గాదు ముత్యం. కాంట్రాక్టరు..."

"అయితే రా, తాతను నువ్వు మొయ్యి. నేను కాపలుంట."

చావు దగ్గర కూడా జనం నవ్వారు. సదయ్య నవ్వలేదు, కానీ లేచి కంపను పక్కకు గుంజాడు. గుంజి, "నేను సూడలే. నేనిక్కడ లేను," అని మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

ఎల్లేశం అగ్గికుండతో మొదటి మెట్టు దగ్గరికి పోయాడు. పోయి ఆగిపోయాడు. వాడి భార్య వెనక నుంచి వాడి అంగీ పట్టుకుంది.

"ముందుగాల నువ్వు ఎక్కకు. కొత్త కట్టడం. పీనుగతోని తొలి అడుగు పెడ్తవా? మన ఇంట్ల పోరగాండ్లున్నరు."

"మరి ఎవరెక్కాలె?"

పెద్దమనుషులు ఒకరి కాళ్లు ఒకరు చూసుకున్నారు. ఎండ అప్పుడే మెడ మీదికి వచ్చింది. నాకు లింగమూర్తి తాత గుర్తు లేడు. సైరను ఎప్పుడు కొడతారో అన్నదే నా చెవుల్లో ఉంది.

మా అత్త ఆడవాళ్లలో నుంచి ముందుకు వచ్చింది.

"మొగోళ్లంత కాళ్లు దాసుకుంటున్రా? జరుగుండ్రి. మా అత్తకోడండ్లం పోతం ముందు. ఇద్దరి పుస్తెలు పాయె, మాకు ఇగ పోయేదేమున్నది?"

వెనకున్న నా మణికట్టు పట్టి ముందుకు గుంజింది. ఆ మాటకు ఎవరూ అడ్డం చెప్పలేదు. నాకు కోపం తెప్పించింది అదే. నిన్నటిదాకా చెడ్డదైన నా అడుగు ఇవాళ పనికొచ్చింది. జనం తొవ్వ ఇచ్చారు. నేను కోపంతోనే మెట్టెక్కాను.

మా అత్త మోకాళ్లు పనిచేయవు. నాలుగు మెట్లకు ఒకసారి నా భుజం మీద బరువేసి ఆగేది. వెనక మళ్లీ డప్పు మొదలైంది. "పైకెత్తుండ్రి, ఎన్కోళ్లు పైకెత్తుండ్రి" అని ముత్యం రొప్పుతున్నాడు. పైకి పోయేసరికి గాలి తగిలింది. కింద ఎన్నడూ తగలని గాలి. మా అత్త కమ్మీ పట్టుకుని నిలబడి చూసింది. డబ్బాలు పైనుంచి చూస్తే నల్లటి గంపల వరుస, అంతే. చంగున దూకితే దాటేటంత.

"ఏది నీ దవాఖాన?"

చూపించాను. పసుపుపచ్చ గోడ, నీళ్ల ట్యాంకు.

"గదా? గింత దగ్గరనా?"

"గంతే అత్తా."

ఆమె గోడ దిక్కు చూసి, మళ్లీ మా గేటు దిక్కు చూసింది.

"నా కొడుకును తీస్కపోయిన్నాడు మస్తు దూరమనిపిచ్చింది," అంది.

ఆయనను మంచం మీద మోసుకుపోయిన రోజు కూడా గేటు పడే ఉండింది. నేను ఏదో అనబోయాను. పాడె మా వెనకకు వచ్చేసింది.

"నడువు నడువు, నీ డ్యూటీ పొద్దాయె," అని ఆమె నన్ను ముందుకు తోసింది.

అవతల దిగాక పాడె గోదారి దిక్కు మళ్లింది. నేను దవాఖాన దిక్కు ఉరికాను. వార్డులో చీపురు అందుకున్నాక సైరను కొట్టారు. సిస్టరమ్మ తలెత్తి చూసి మళ్లీ మందుల అలమారలోకి తల పెట్టింది.

మర్నాడు పొద్దున బిర్జికి మళ్లీ ముండ్లకంప కట్టి ఉంది.

"ఇదేంది సదన్నా?"

"నిన్నటిది లెక్కల రాదట చెల్లె. కాంట్రాక్టరు చెప్పిండు. పసుపునీళ్లతోని కడిగిపిస్తడట. మళ్ల కొత్తగ తొలి అడుగట."

"కడుగుమను. నేను పోయినంక కడుగుమను."

నేనే గుంజాను. కంప సగం ఊడింది, సగం నా అరచేతిలో దిగింది. సదయ్య లేవలేదు. "చెప్పులన్న ఏసుకోకపోతివి, ముండ్లున్నయ్," అన్నాడు. నా వెనక సుసన్నా ఎక్కింది. దాని వెనక పాలవాడు సైకిలును భుజానేసుకుని ఎక్కాడు. తర్వాత ఎవరు ఎక్కారో నేను చూడలేదు. వారం తిరిగేసరికి మెట్ల మీద జామపండ్ల గంప, నడుమ దువ్వెనలు అమ్మేవాడు, సాయంత్రం గాలికి కూర్చున్న ముసలివాళ్లు. రిబ్బను పెద్దమనిషి వానల్లో గొడుగు కింద వచ్చి పోయాడట. నేను డ్యూటీలో ఉన్నాను.

మిరుగు వానకు మా లైను బురదయింది. సిస్టరమ్మ పిలిచి, "నీది అయిపోయింది, పర్మినెంటు," అంది, పక్కబట్టలు మార్చావా అని అడిగినట్టే. అరసేరు జిలేబి కట్టించుకుని ఇంటికి పోయాను. గడపలో సద్దిమూట, ముత్యం బట్టల సంచి, మా అత్త చీరల మూట ఉన్నాయి.

"వదినా, జల్ది తినిపియ్యి. బస్సు పోతది," అన్నాడు ముత్యం. మందమర్రిలో కాంట్రాక్టు పని దొరికిందట. జిలేబి ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి బిడ్డ చేతిలో పెట్టి, మొహం కడుక్కోవడానికి బయటికి పోయి చాలాసేపు రాలేదు.

"నీ మూట ఎందుకున్నది అత్తా?"

"నేను వానెంట పోతున్న."

"మరి బిడ్డ?"

ఆమె బిడ్డ మూతికి అంటిన పాకం తుడిచింది.

"బిర్జి నువ్వే ఎక్కిస్తివి గద అత్తా," అన్నాను. గొంతు పెద్దదయింది. "ఎక్కిచ్చి గిట్ల ఇడిచిపెట్టి పోతవా?"

"ఎక్కిచ్చిన. ఎక్కినంక నువ్వు దిగవని నాకు తెల్వదా?" మూట ముడి బిగించింది. "నీకు నౌకరున్నది. వానికి నేనన్న ఉండాలె గద."

బస్సు అవతలే ఆగుతుంది. మూట నేనే నెత్తిన పెట్టుకుని బిర్జి దాటించాను. ఆమె మోకాళ్లు నొస్తుంటే కమ్మీ పట్టుకుంది, నా భుజం పట్టుకోలేదు.

తెల్లవారి బిడ్డను సంకనేసుకుని డ్యూటీకి బయలుదేరాను. వార్డులోకి పిల్లలను రానియ్యరు. ఆ సంగతి నాకు బిర్జి నడుమకు పోయిన తర్వాత తట్టింది. సుసన్నా తల్లి దగ్గర విడిచిపెడదామంటే ఆమె ఇల్లు వెనక ఉండిపోయింది. వెనక్కి తిరిగితే సైరను. ముందుకు పోతే సిస్టరమ్మ. షిఫ్టు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు రెండు దిక్కుల నుంచీ వస్తున్నారు. నేను కమ్మీ పక్కకు జరగకుండా అట్లాగే నిలబడిపోయాను.

"ఏందక్కా, తొవ్వల నిలబడ్తివి?" అన్నాడు వెనక నుంచి ఎవరో సైకిలాయన. "జరుగు, డ్యూటీకి పోవాలె."